బరంపురంలో ఉంటూ ఆన్‌లైన్‌లో ‘బరంపురం పట్టు’ కొన్నాను, మీరు కొనకండి

అవును, మీరు చదివింది నిజమే. ఒడిశా బరంపురంలో మా ఇంటి నుంచి నేతపనివాళ్ళు ఉండే దేశిబెహెరా వీధికి నడిచి వెళ్తే పది నిమిషాలు. మగ్గం చప్పుడు వింటూ పెరిగిన దాన్ని. అలాంటి నేను రీల్ చూసి 4,850 రూపాయలు పెట్టి ‘బరంపురం పట్టుచీర’ తెప్పించుకున్నాను. ఇంట్లో వాళ్ళు నవ్వడం అయిపోయింది, మీరూ నవ్వుకోండి, కానీ చివరిదాకా చదవండి. ఇచ్ఛాపురం, పర్లాకిమిడి, రాయగడ మనవాళ్ళు చాలామంది అదే రీల్ కింద ‘ధర ఎంత అక్కా’ అని అడుగుతున్నారు.

ఆ రీల్ చేసిన అమ్మాయి పేరు రాయను. వంటల వీడియోలతో మొదలుపెట్టింది. అచ్చం మన శ్రీకాకుళం యాస. రాత్రి గిన్నెలు సర్దాక ఆ అమ్మాయి వీడియో చూడటం ఏడాదిగా నాకు అలవాటు. వాళ్ళ బాబుకి జ్వరం వస్తే నాకు టెన్షన్. నేనంటూ ఒకదాన్ని ఉన్నానని ఆ పిల్లకి తెలియదు, అది వేరే సంగతి. ‘వదినలూ, ఇది మా అమ్మకి కొన్నాను, మీకూ చెప్పకుండా ఉండలేకపోయాను’ అంటే నాకు అది షాపువాడి మాటలా వినిపించలేదు. పక్కింటి పిల్ల చెప్పినట్టే అనిపించింది.

మేనకోడలి పెళ్ళని ఆ వారం ఫోన్‌లో పట్టుచీరలు వెతికాను. ఆ మర్నాటి నుంచి ఫోన్ నిండా చీరలే. మా అక్క కొడుకు బీటెక్ చదువుతున్నాడు, వాడన్నాడు: ‘పిన్నీ, నువ్వు లైక్ కొట్టక్కర్లేదు. ఏ వీడియో దగ్గర ఎంతసేపు ఆగావో ఆ యాప్ లెక్క పెట్టుకుంటుంది. డబ్బులు కట్టిన పేజీ అయితే ఏ ఊరి వాళ్ళకి, ఏ వయసు ఆడవాళ్ళకి చూపించాలో కూడా ఎంచుకోవచ్చు.’ అంటే బరంపురం అనే మాట వినగానే ఆగిపోయేది ఎవరు? బరంపురం వాళ్ళమే కదా! నేను ఆగాను. రెండోసారి చూశాను. సేవ్ చేశాను. పేజీలో ‘చివరి ఆరు చీరలు’ అని ఎర్ర అక్షరాలు. పదిహేను రోజుల తర్వాత చూసినా ఆరే ఉన్నాయి.

క్యాష్ ఆన్ డెలివరీయే కదా అనుకున్నాను. డబ్బు ఇచ్చాకే కవర్ చింపనిస్తాడని అప్పుడు తట్టలేదు. కవర్ మీద పంపినవాళ్ళ చిరునామా సూరత్‌లో ఒక గోడౌన్.

చీర చూడటానికి బాగానే ఉంది, అబద్ధం ఎందుకు. మెరుపు ఎక్కువ, అంతే. వీధిలో మాకు తెలిసిన నేత తాతగారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన కళ్ళజోడు కూడా పెట్టుకోలేదు. అంచు మీద కుంభాల (గుడి గోపురం లాంటి డిజైన్) వరుస మీద బొటనవేలు రాసి, చీర తిరగేశారు. వెనకాల తెగిన దారాలు గడ్డిపరకల్లా వేలాడుతున్నాయి. ‘ఇది మన మగ్గం మీద దిగింది కాదమ్మా’ అన్నారు. కొంగు చివర కుచ్చులోంచి ఒక పోగు లాగి అగ్గిపుల్ల అంటించారు. పట్టు అయితే జుట్టు కాలిన వాసన వస్తుంది, నలిపితే బూడిద పొడైపోతుంది. ఇది ముడుచుకుపోయి, చివర నల్లటి పూసలా గట్టిపడింది. ప్లాస్టిక్ కాలిన వాసన. ఆ పూసని కాగితంలో మడిచి నా చేతిలో పెట్టి, ‘ఈ డబ్బుకి నాకు పట్టునూలే రాదు, చీర ఎక్కడ వస్తుంది?’ అన్నారు.

ఇంటికొచ్చి ఆ రీల్ మళ్ళీ చూశాను, ఈసారి ఆపి ఆపి. ‘బరంపురం అమ్మలు నేస్తున్నారు’ అన్నచోట మగ్గం వెనక గోడ మీద క్యాలెండర్ ఉంది. అక్షరాలు బెంగాలీ. కింద కామెంట్లలో ముగ్గురు వేర్వేరు పేర్లతో ‘సుపర్ క్వాలటీ’ అని ఒకే తప్పుతో రాశారు. నేను ‘ఇది పట్టు కాదు’ అని పెట్టిన కామెంట్ గంటలో మాయమైంది. ‘కొలాబ్’ (అంటే అమ్మేవాళ్ళతో కలిసి చేసిన ప్రచారం) అన్న మాట మాత్రం ఉంది, ‘మరిన్ని’ నొక్కి కిందికి వెళ్తే, ఇరవై హ్యాష్‌ట్యాగుల మధ్య.

అలా దాచడం కుదరదు. డబ్బుగానీ వస్తువుగానీ తీసుకుని ప్రచారం చేస్తే ఆ సంగతి స్పష్టంగా చెప్పాలని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది. వీడియో అయితే వీడియోలోనే, కనిపించేలా, వినిపించేలా చెప్పాలి. తప్పుదారి పట్టించే ప్రకటనకి 10 లక్షల దాకా, మళ్ళీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా. ప్రచారం చేసినవాళ్ళని ఏడాది పాటు ప్రకటనలు చేయకుండా ఆపొచ్చు కూడా.

ఇప్పుడు నాకు ఎక్కువ సిగ్గుగా ఉన్న విషయం. చీర రాకముందే ఆ రీల్‌ని మా ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టాను, ‘నేను ఆర్డర్ పెట్టేశాను’ అని. మా తోడికోడలు ఒకటి, మా స్కూల్ టీచరమ్మ ఒకటి కొన్నారు. ఆ రీల్ అమ్మాయి ఎవరో వాళ్ళకి తెలియనే తెలియదు. ‘బరంపురంలో ఉన్నదానివి, నువ్వు కొన్నాక ఇంకేం చూస్తాం?’ అన్నారు. ఆ అమ్మాయికి డబ్బులైనా ముట్టాయి. నేను ఊరికే, నా పరువు పెట్టి మరీ అమ్మిపెట్టాను. ఆ ఇద్దరి డబ్బు నేనే ఇచ్చాను. తోడికోడలు వద్దంది, అయినా ఇచ్చాను.

పట్టుచీరకి సిల్క్ మార్క్ లేబుల్ అడగండి. అది పట్టు అని మాత్రమే చెబుతుంది, చేనేత అని కాదు. చేనేతకి హ్యాండ్లూమ్ మార్క్ వేరే ఉంటుంది. పార్సెల్ విప్పేటప్పుడు మొదటినుంచీ వీడియో తీయండి. నేను తీయలేదు, ఆ చీర మాది కాదని పేజీ వాళ్ళు అడ్డం తిరిగి నన్ను బ్లాక్ చేశారు.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. అమ్మినవాడు సూరత్‌లో ఉన్నా, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మన జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. 5 లక్షల లోపు సరుకుకి ఫీజు కూడా లేదు. ముగ్గురం కలిసి వేస్తున్నాం. ఇదే చీర, ఇదే రీల్ చూసి గంజాం, గజపతి జిల్లాల్లో ఇంకెవరైనా కొని ఉంటే వచ్చే మంగళవారం లోపు నాకు మెసేజ్ పెట్టండి. కొరియర్ కవర్ మాత్రం పారేయకండి, దాని మీది చిరునామా తప్ప మన దగ్గర వాళ్ళ ఆనవాలు ఇంకేమీ లేదు.