ఏఏ మీటింగులు: ఏళ్ళ తరబడి వాడాక తేలింది

ఆల్కహాలిక్స్ అనానిమస్, అందరి నోట్లో ఏఏ. 1935లో అమెరికాలోని ఏక్రన్ ఊళ్ళో ఇద్దరు తాగుబోతులు మొదలుపెట్టిన పద్ధతి, అసలు సంగతి ఇప్పటికీ అదే: మానినవాడు, మానాలనుకునేవాడి ఎదురుగా కూర్చుని మాట్లాడతాడు. ఫీజు లేదు, రిజిస్టరు లేదు. పనిచేస్తుంది. అయితే నెలకోసారి వెళ్ళొచ్చి "మనకు పడలేదు" అనేవాళ్ళు దీన్ని అసలు వాడనట్టే లెక్క.

మీటింగు కంటే ముందు డాక్టరు. ఏళ్ళ తరబడి రోజూ తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు లేనివి కనిపించడం, ఒళ్ళు విపరీతంగా వణకడం, జ్వరం మొదలైతే ప్రాణం మీదికి వస్తుంది. పొద్దున లేవగానే చేతులు వణికి, గుక్క పడితేగానీ ఆగనివాళ్ళు ఆస్పత్రిలో చూపించుకునే ఆపాలి. మీటింగు ఆ పని చెయ్యలేదు.

గ్రూపు వెతకడంలోనే సగం మంది ఆగిపోతారు. నెట్‌లో వెతికితే పైన వచ్చేవి చాలావరకు డబ్బు కట్టించుకునే డీఅడిక్షన్ సెంటర్ల ప్రకటనలు. గుర్తు సులువు: ఏఏ ప్యాకేజీ చెప్పదు, మనిషిని బలవంతంగా బండి ఎక్కించదు, ఆస్పత్రి నడపదు. ఇంట్లోవాళ్ళ ఫోనుతో పని కాదు, తాగేవాడే మాట్లాడాలి. ఏఏ ఇండియా వెబ్‌సైట్‌లో ఊరివారీ హెల్ప్‌లైన్ నంబర్లుంటాయి. అడ్రసు, టైము దొరికినా బయల్దేరే ముందు ఫోన్ చెయ్యండి. హాలు మారినా, వారం మారినా జాబితా దిద్దడం ఆలస్యమవుతుంది. ఫోన్లో మూడు ప్రశ్నలు చాలు: తెలుగులో జరుగుతుందా, ఓపెనా క్లోజ్డా, గేటు దగ్గర ఏమని అడగాలి. గ్రూపులు ఎక్కువగా చర్చి గదుల్లో, బడుల్లో అద్దెకుంటాయి. బయట పెద్ద బోర్డు కనిపించదు. వాచ్‌మన్‌ని "మీటింగు ఎక్కడ" అంటే చాలు, ఇంకేం చెప్పక్కర్లేదు.

క్లోజ్డ్ అంటే తాగుడు మానాలనుకునేవాళ్ళకే. ఓపెన్‌కి భార్య, అన్న, డాక్టరు ఎవరైనా రావచ్చు. తోడు లేనిదే గడప దాటలేనివాళ్ళు ఓపెన్‌తో మొదలుపెట్టడం మేలు.

గంట, గంటన్నర సాగుతుంది. ప్రార్థన, ఒకరు ఏఏ పుస్తకంలోంచి చదవడం, తర్వాత షేరింగ్, అంటే ఒక్కొక్కరు తమ అనుభవం చెప్పుకోవడం. "నా పేరు ఫలానా, నేను ఆల్కహాలిక్‌ని" అని మొదలుపెడతారు. మొదటి రోజు "ఇవాళ వింటానండీ" అంటే ఎవరూ బలవంతపెట్టరు. ఒకరు మాట్లాడుతుంటే మధ్యలో సలహా చెప్పకూడదు. ఇదే దీని బలం. ఆఖర్లో సంచి తిప్పుతారు. అది హాలు అద్దెకు, టీకి. కొత్తవాళ్ళు వెయ్యకపోయినా ఫర్వాలేదు.

మీటింగు కంటే దాని తర్వాతి పావుగంట విలువైనది. టీ గ్లాసు పట్టుకుని నిలబడ్డప్పుడే నాలుగు ఫోన్ నంబర్లు చేతికొస్తాయి. తెచ్చుకుని జేబులో పెట్టుకుంటే లాభం లేదు. బాగున్న రోజునే ఒకరికి ఫోన్ చేసి అలవాటు చేసుకోవాలి, లేకపోతే వైన్‌షాపు ముందు నిలబడ్డప్పుడు వేలు ఆ నంబరు మీదికి పోదు. మీటింగులు ఎక్కువగా సాయంత్రం పూటే, సరిగ్గా నాలుక లాగే టైముకే.

మొదట్లో 90 రోజుల్లో 90 మీటింగులు అంటారు. రోజూ గ్రూపు లేని ఊళ్ళో ఆన్‌లైన్ మీటింగులతో ఆ లెక్క పూర్తి చెయ్యొచ్చు. ఒక్క గ్రూపు చూసి తీర్పు ఇవ్వకండి, కనీసం ఆరు మీటింగులు, వీలైతే రెండు గ్రూపులు చూడాలి. ఒక్క సీనియరే అరగంట మాట్లాడే గ్రూపులో కొత్తవాడు నిలవడు. స్పాన్సర్‌ని, అంటే కొత్తవాడికి తోడుండి దారి చూపే పాత సభ్యుణ్ణి కూడా తొందరపడి పట్టుకోవద్దు: మగవాళ్ళకు మగవాళ్ళు, ఆడవాళ్ళకు ఆడవాళ్ళు. అతను ఫోన్ ఎత్తుతాడా అన్నదే అసలు పరీక్ష. అప్పు అడిగే స్పాన్సర్‌ని ఆ రోజే మార్చెయ్యండి.

ఇక లోపాలు. దేవుడి మాట తరచూ వస్తుంది. "మీకు తోచిన శక్తి" అని సర్దిచెప్పినా నాస్తికులకు ఇబ్బందే. ఆడవాళ్ళు బాగా తక్కువ, చాలామందికి ఆన్‌లైన్ మహిళా మీటింగే దారి. అన్నిటికంటే ప్రమాదం, ఎవరో ఒకాయన "ఆ మాత్రలు కూడా మత్తే, మానెయ్" అనడం. మానసిక వైద్యుడు రాసినవి ఆయన్ని అడక్కుండా ఆపకూడదు; సభ్యులు డాక్టర్ల వేషం వెయ్యొద్దని ఏఏ పుస్తకాల్లోనే ఉంది. ఇంట్లోవాళ్ళకూ ఒక మాట: డైసల్ఫిరామ్ (వేసుకుని తాగితే ఒంటికి పడకుండా చేసే మాత్ర) పొడి చేసి కూరలో కలపడం ఎంత మాత్రం పనికిరాదు. తెలియకుండా తిన్న మనిషి ఆపైన తాగితే బీపీ పడిపోయి ప్రాణాపాయం. ఇంట్లోవాళ్ళకు ఆల్-అనాన్ అనే మీటింగులు వేరే ఉన్నాయి, తాగేవాడు వచ్చినా రాకపోయినా వెళ్ళొచ్చు.

పనిచేస్తుందనడానికి మనవాళ్ళ మాటలే కాదు: 2020లో వైద్య పరిశోధనలను బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 27 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, పూర్తిగా మానేసి ఉండటంలో ఏఏకి పంపే పద్ధతి మిగతా చికిత్సలకు తీసిపోలేదు, కొన్నిచోట్ల మెరుగ్గానే నిలిచింది.

మధ్యలో పెళ్ళిలోనో, దసరాకో జారితే మర్నాడే వెళ్ళండి. చాలా గ్రూపుల్లో తాగి వచ్చినా మాట్లాడనివ్వరుగానీ కూర్చోనిస్తారు. మానిన రోజుల లెక్క మళ్ళీ ఒకటో రోజు నుంచి, కుర్చీ మాత్రం అదే.