బెంగళూరులో భోగ్యానికి ఇల్లు తీసుకుంటున్నారా? డబ్బు ఓనరుకు తప్ప ఎవరికీ ఇవ్వకండి

బొమ్మనహళ్లి, బేగూరు, కె.ఆర్. పురం, మారతహళ్లి వైపు భోగ్యానికి, అంటే నెల అద్దె లేకుండా ఒకేసారి పెద్ద మొత్తం లీజుగా కట్టి ఖాళీ చేసేటప్పుడు తిరిగి తీసుకునేలా, తక్కువలో ఇల్లు వెతుక్కుంటున్న మన తెలుగువాళ్లందరికీ ఈ హెచ్చరిక. మధ్యలో ఆఫీసు తెరిచి, "ఓనరు తరఫున అన్నీ మేమే చూసుకుంటాం" అనేవాళ్లకు లీజు డబ్బు కట్టకండి.

మా అక్క బొమ్మనహళ్లిలో గార్మెంట్ ఫ్యాక్టరీలో కుట్టుపని చేస్తుంది. బావ ఆటో నడుపుతాడు. నెలనెలా అద్దె భారం తప్పుతుందని, చిట్టీ పాడిన డబ్బుకు గాజులు కుదువపెట్టి తెచ్చింది కలిపి ఐదు లక్షలు కట్టారు. మూడేళ్లు అద్దె లేదు, ఖాళీ చేసే రోజున మొత్తం తిరిగి ఇస్తామన్నారు. తెలుగులోనే మాట్లాడి, "మనవాళ్లే కదమ్మా" అని నమ్మించారు. ఏడాది తిరగకముందే అసలు ఓనరు వచ్చి తలుపు తట్టాడు. ఆయన ఆ ఇంటిని ఆఫీసువాళ్లకు నెలకు పదిహేను వేల చొప్పున పదకొండు నెలల అద్దెకు ఇచ్చాడు. కొన్ని నెలలు కట్టి మానేశారు. ఐదు లక్షల సంగతి ఆయనకు తెలియనే తెలియదు. ఆఫీసుకు వెళ్తే తాళం, ఫోన్లు స్విచాఫ్.

అక్క చేతిలో ఉన్న అగ్రిమెంటు చూశాను. స్టాంపు కాగితం, నోటరీ ముద్ర, ప్రతి పేజీలో సంతకాలు, అన్నీ నిండుగా ఉన్నాయి. గోడకున్న మేకుకు బెస్కాం కరెంటు బిల్లులు గుచ్చి ఉన్నాయి. బిల్లు మీద ఒక పేరు, అగ్రిమెంటులో ఓనరు అని రాసిన చోట ఇంకొక పేరు. ఏడు తరగతులు చదివిన మనిషి, రాత్రి షిఫ్టు నుంచి వచ్చి, కన్నడంలో ఉన్న బిల్లును అగ్రిమెంటుతో పోల్చి చూసుకోవాలని ఎవరు చెప్పారు? అలాంటివాళ్లను ఏరి మరీ మోసం చేశారన్నదే నా బాధ.

ఒక్కసారి వడ్డీ లెక్క వేయండి. పదిహేను వేల ఇంటిని ఐదు లక్షలకు ఇస్తున్నారంటే, ఆ డబ్బుకు నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ పడుతున్నట్టు. బ్యాంకులో రూపాయి లోపు వడ్డీకే గృహరుణం దొరుకుతుంది. పిల్ల పెళ్లికో, పై అంతస్తు వేయడానికో అవసరపడి ఓనరే నేరుగా భోగ్యానికి ఇవ్వడం ఈ ఊళ్లో ఎప్పటినుంచో ఉంది, అందరినీ అనుమానించమని కాదు. కానీ మీ డబ్బు తీసుకుని ఓనరుకు నెలనెలా అద్దె కట్టే మధ్యవర్తికి అది ఎలా గిట్టుతుంది? రేపు చేరేవాళ్ల డబ్బుతో నిన్న చేరినవాళ్ల అద్దె కట్టాలి. కొత్తవాళ్లు రావడం ఆగిన నెలలో అందరూ వీధిన పడతారు.

కట్టే ముందు ఓనరును ఆ ఇంట్లోనే కలవండి. ఆధార్, ఇంటి ఖాతా (కార్పొరేషన్‌లో ఆస్తి ఎవరి పేరున ఉందో చూపే పత్రం), కరెంటు బిల్లు మూడింటిలో పేరు ఒకటేనా చూడండి. కర్ణాటక రిజిస్ట్రేషన్ శాఖ కావేరి వెబ్‌సైట్‌లో ఈసీ, అంటే ఆ ఇంటి మీద రిజిస్టరైన అమ్మకాలు, తాకట్లు చూపే పత్రం తీయించండి. పత్రాలు బ్యాంకులో పెట్టి తెచ్చిన అప్పు ఒక్కోసారి ఈసీలో కనిపించదు, దానికి బ్యాంకు తాకట్లు నమోదయ్యే సెర్సాయ్ సైట్‌లో కొద్దిపాటి రుసుముతో వెతికించవచ్చు. ఓనరు ఆ అప్పు తీర్చకపోతే 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు ఇల్లు స్వాధీనం చేసుకుంటుంది. అప్పుడు మీ లీజు కాగితాన్ని ఎవరూ లెక్కచేయరు. ముఖ్యంగా నోటరీతో సరిపెట్టకండి. ఏడాదికి మించిన లీజు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ కావాలి. ఖర్చవుతుందని బ్రోకరు వద్దంటే ఆ ఇల్లే వద్దనుకోండి. డబ్బు నగదుగా కాక ఓనరు బ్యాంకు ఖాతాలోకే పంపండి.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు భయపడి రాత్రికి రాత్రి ఖాళీ చేయకండి. కోర్టు ఉత్తర్వు లేకుండా బలవంతంగా గెంటేస్తే, 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద ఆరు నెలల్లోపు దావా వేయవచ్చు. మోసం చేసినవాళ్ల మీద భారతీయ న్యాయ సంహిత 318 సెక్షన్ కింద పోలీసు ఫిర్యాదు ఇవ్వండి. అదే ఆఫీసుకు కట్టిన మిగతా కుటుంబాలను కూడగట్టుకుని వెళ్తే స్టేషన్‌లో మాట వింటారు, మా అక్కావాళ్లు అలాగే వెళ్లారు. లాయరుకు డబ్బు లేదని ఆగిపోవద్దు. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. 15100కు ఫోన్ చేయండి. అగ్రిమెంటు, రసీదులు, బ్యాంకు స్టేట్‌మెంటు, వాళ్లతో జరిగిన వాట్సాప్ సంభాషణలు ఏవీ చెరిపేయకుండా దగ్గర పెట్టుకోండి.