సమాధుల తోటలో హెరిటేజ్ వాక్ బుక్ చేస్తున్నారా? డబ్బు కట్టేముందు ఇది చదవండి

పాత సమాధుల తోటలో నడుస్తూ ఊరి చరిత్ర తెలుసుకోండి అంటూ ఆన్‌లైన్‌లో టికెట్లు అమ్ముతున్నారు. అనుభవం ఉన్న గైడ్, రెండు గంటల నడక అని ప్రకటన. నేనూ మా చెల్లెలూ వెళ్లాం. నడక గంటలోపే అయిపోయింది. దాన్ని సర్దుకోవచ్చు కానీ, చెప్పిన చరిత్రంతా గాలి కబుర్లే. నిర్వాహకుల పేరు రాయను. ఇలాంటి ప్రకటన ఎవరిదైనా సరే, కాస్త ఆరా తీసి కట్టండి.

మొదటి సమాధి దగ్గరే అనుమానం వచ్చింది. రాతి మీద ఒక పుర్రె, దాని కింద అడ్డంగా రెండు ఎముకలు. “సముద్రపు దొంగ సమాధి” అన్నాడు గైడ్. 17, 18 శతాబ్దాల్లో యూరప్‌వాళ్ల సమాధుల మీద ఆ గుర్తు మామూలే. చావు ఎవరినీ వదలదని, చూసేవాళ్లకు గుర్తుచేయడానికి చెక్కించేవాళ్లు. ఆ పుర్రె కిందే ఆయన వర్తకుడని రాసి ఉంది. గైడ్ అది చదివితే కదా!

ఇంకో రాతి మీద చనిపోయిన తేదీ ఫిబ్రవరి 1731/2 అని ఉంది. చెక్కినవాడికి ఏ సంవత్సరమో తెలియక రెండూ వేశాడని చెప్పి అందరినీ నవ్వించాడు. అసలు సంగతి దానికన్నా బాగుంటుంది. 1752కి ముందు ఇంగ్లండ్‌లో అధికారికంగా కొత్త సంవత్సరం మార్చి 25న వచ్చేది. జనవరి 1 నుంచి లెక్కపెట్టే అలవాటూ పక్కనే నడిచేది. అందుకని జనవరి 1కీ మార్చి 24కీ మధ్య తేదీలకు చాలాచోట్ల రెండేళ్లూ కలిపి వేసేవాళ్లు. పాత లెక్కలో 1731, మన లెక్కలో 1732. ఈ ఒక్క ముక్క చెప్పినా నా టికెట్ డబ్బులు గిట్టుబాటయ్యేవి.

విరిగిన స్తంభాన్ని చూపించి దొంగల పని అన్నాడు. అర్ధాంతరంగా ఆగిన జీవితానికి గుర్తుగా దాన్ని అలాగే చెక్కుతారు. విరిగిన అంచు మీద రాతి పూలదండ కూడా చెక్కి ఉంది. సైనికుల సమాధిరాళ్లన్నీ ఒకేలా ఉంటే ఖర్చు కలిసొస్తుందని అలా చేశారట! బ్రిటిష్ సామ్రాజ్య సైనికుల కోసం 1917లో పెట్టిన యుద్ధ సమాధుల కమిషన్ (ఇప్పటి పేరు కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్) హోదా, మతం, జాతి చూడకుండా అందరికీ ఒకే గౌరవం అని పెట్టుకున్న నియమం అది. ఆఫ్రికా, ఆసియా సైనికుల్లో చాలామంది విషయంలో ఆ మాట తప్పామని 2021లో ఆ కమిషనే క్షమాపణ చెప్పింది. వాళ్ల వెబ్‌సైట్‌లో పేరు కొట్టి వెతకడానికి పైసా కట్టనక్కర్లేదు.

ఒళ్లు మండింది మాత్రం చివర్లో. అక్షరాలు కనబడటం లేదని సుద్దముక్క తీసి రాయంతా రుద్దేశాడు. మరో రాయికి షేవింగ్ ఫోమ్ పూసి అరచేత్తో తుడిచాడు. చెయ్యి తగిలినచోట రాయి ఇసుకలా రాలింది. ఫోమ్‌లోని రసాయనాలు రాతి సందుల్లోకి దిగితే నీళ్లతో కడిగినా పూర్తిగా పోవు, రాయి ఇంకా త్వరగా పాడవుతుంది. ఫోన్ టార్చ్‌ని పక్కనుంచి, దాదాపు రాతికి ఆనించినట్టు పట్టుకుంటే చాలు, గాడుల్లో నీడలు పడి అక్షరాలు తేలతాయి. మా చెల్లెలు అలాగే చేసి ఆ పక్క రాతి మీది పేరు చదివేసింది. గైడ్ ముఖం చూడాలి!

దయ్యాల కథలంటే నాకు కోపమేం లేదు. దయ్యాల నడక అని చెప్పి అమ్మితే హాయిగా విని వస్తాం. చరిత్ర పేరుతో అమ్మారనే గొడవ. బుక్ చేసేముందు ఏయే సమాధులు చూపిస్తారో, వివరాలు ఖనన రిజిస్టర్ చూసి చెబుతున్నారా, లోపల నడిపించడానికి అనుమతి ఉందా అని మెసేజ్ పెట్టి అడగండి. పని తెలిసినవాళ్లు సంతోషంగా చెబుతారు. “వస్తే సర్‌ప్రైజ్” అని జవాబొస్తే వదిలేయండి. రీఫండ్ షరతులు డబ్బు కట్టే పేజీలో అడుగున చిన్న అక్షరాల్లో ఉంటాయి, స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి.

డబ్బు వెనక్కి అడిగితే తర్వాతి నడకకు కూపన్ పంపారు. సుద్ద, ఫోమ్ ఫొటోలు సమాధుల తోట చూసుకునే కమిటీకి పంపాను. తమను అనుమతి అడిగినవాళ్లే లేరని, ఇకపై ఆ గుంపును గేటు దగ్గరే ఆపుతామని వాళ్లు చెప్పారు.