హైపర్ థైరాయిడ్‌కు కార్బిమజోల్, పీటీయూ: దుష్ఫలితాలను బట్టి చూస్తే ఏది మేలు?

థైరాయిడ్ గ్రంథి అవసరానికి మించి హార్మోన్ తయారుచేస్తున్నప్పుడు, ముఖ్యంగా గ్రేవ్స్ వ్యాధిలో (శరీర రోగనిరోధక వ్యవస్థే థైరాయిడ్‌ను అతిగా పనిచేయించే జబ్బు), దాన్ని తగ్గించడానికి వైద్యులు రాసే మాత్రలు ప్రధానంగా రెండు: కార్బిమజోల్, ప్రొపైల్‌థయోయురాసిల్. రెండోదాన్ని క్లుప్తంగా పీటీయూ అంటారు. ఈ చికిత్స సాధారణంగా 12 నుంచి 18 నెలల వరకు సాగుతుంది కాబట్టి, ఏ మాత్ర వల్ల ఎలాంటి ఇబ్బంది రావచ్చో మొదటి చీటీ రాసిన రోజే రోగికి తెలియాలి.

దురద, దద్దుర్లు, కీళ్లనొప్పులు, వికారం వంటివి రెండింటితోనూ ఉంటాయి. మోతాదు ఎక్కువైతే హార్మోన్ మరీ పడిపోయి నీరసం, బరువు పెరగడం, చలికి తట్టుకోలేకపోవడం కూడా రెండింటితోనూ కనిపిస్తాయి. అసలు తేడా కాలేయం దగ్గర వస్తుంది. కార్బిమజోల్‌తో అరుదుగా పైత్యరసం ప్రవాహం మందగించి కామెర్లు వస్తాయి గాని, మాత్ర ఆపితే చాలావరకు తగ్గిపోతాయి. పీటీయూ మాత్రం కొద్దిమందిలో కాలేయ కణాలనే నాశనం చేసి, కాలేయ మార్పిడి దాకా, ఒక్కోసారి మరణం దాకా తీసుకెళ్లింది. అందుకే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2010లో దానిపై అత్యంత తీవ్రమైన హెచ్చరికను ముద్రించాలని ఆదేశించింది. పిల్లలకు దాన్ని సాధారణంగా ఇవ్వరు. పైగా రక్తనాళాల వాపు కూడా పీటీయూతోనే ఎక్కువ. కార్బిమజోల్‌కు కూడా అరుదైన ప్రమాదం ఒకటుంది: క్లోమం వాపు. భరించలేని కడుపునొప్పి వస్తే మాత్ర ఆపి ఆసుపత్రికి వెళ్లాలి. కారణం అదేనని తేలితే మళ్లీ దాని జోలికి పోకూడదు.

కార్బిమజోల్ చాలామందికి రోజుకు ఒక్కసారి సరిపోతుంది, పీటీయూ రెండు మూడు పూటలు వేసుకోవాలి. ఇవన్నీ కలిపి చూస్తే, మామూలు పరిస్థితుల్లో కార్బిమజోలే మేలన్నది నా స్పష్టమైన అభిప్రాయం.

గర్భం విషయంలో ఈ లెక్క తిరగబడుతుంది. గర్భం తొలి వారాల్లో కార్బిమజోల్ వాడితే బిడ్డకు నెత్తిమీద చర్మం ఏర్పడకపోవడం, ముక్కు వెనక దారి మూసుకుపోవడం వంటి లోపాలు రావచ్చు. పీటీయూతోనూ లోపాలు ఉన్నాయి గాని అవి తక్కువ తీవ్రమైనవి. అందువల్ల మందు తప్పనిసరైతే మొదటి మూడు నెలలకు పీటీయూనే ఎంచుకుంటారు. పిల్లల కోసం ప్రయత్నించే స్త్రీ ఆ సంగతి వైద్యుడికి ముందే చెప్పడం మంచిది. నెల తప్పితే అదే రోజు ఫోన్ చేయాలి. థైరాయిడ్ హార్మోన్ ప్రభావం ఒక్కసారిగా విపరీతమై ప్రాణాపాయం తెచ్చే థైరాయిడ్ స్టార్మ్‌లో కూడా పీటీయూకు చోటుంది, ఎందుకంటే టీ4 అనే థైరాయిడ్ హార్మోన్ మరింత చురుకైన టీ3గా మారడాన్ని కూడా అది తగ్గిస్తుంది.

ఏ మాత్ర వాడినా నేను అన్నిటికంటే ఎక్కువగా భయపడేది తెల్ల రక్తకణాలు ఒక్కసారిగా పడిపోవడం గురించి. దీన్ని అగ్రాన్యులోసైటోసిస్ అంటారు. వెయ్యిమందిలో ఇద్దరు నుంచి ఐదుగురికి, ఎక్కువగా మొదటి మూడు నెలల్లోనే వస్తుంది. కార్బిమజోల్‌తో మోతాదు పెరిగేకొద్దీ ముప్పు పెరుగుతుంది. పీటీయూతో అలాంటి సంబంధం స్పష్టంగా లేదు. జ్వరం, తీవ్రమైన గొంతునొప్పి, నోట్లో పుండ్లు దీని గుర్తులు. మన ఊళ్లలో ఇలాంటప్పుడు ఆర్‌ఎంపీ దగ్గరికో మందుల షాపుకో వెళ్లి జ్వరం మాత్రలు తెచ్చుకుని నాలుగు రోజులు చూడటం అలవాటు. ఈ మందు వాడేవారు మాత్రం అలా ఆగకూడదు. మాత్ర వేసుకోవడం ఆపి, అదే రోజు సీబీపీ (రక్తకణాల పరీక్ష) చేయించుకుని తెల్లకణాల లెక్క చూపించుకోవాలి. వైద్యుడితో ‘థైరాయిడ్ మాత్ర వాడుతున్నాను’ అని మాత్రమే అంటే హార్మోన్ తక్కువైనవారికి ఇచ్చే థైరాక్సిన్ అనుకునే అవకాశం ఉంది, కాబట్టి మాత్రల అట్ట వెంట తీసుకెళ్లాలి. ఒకదానితో ఈ సమస్య వచ్చినవారికి రెండోది కూడా ఇవ్వరు. అలాంటివారికి మిగిలే ప్రధాన మార్గాలు రేడియోఅయోడిన్ లేదా శస్త్రచికిత్స.