మాన్మత్ కౌంటీలో రెండు రోజులు: 193 డాలర్ల టూరు దాచిపెట్టిన చరిత్ర

న్యూజెర్సీలో మేముండే ఎడిసన్ నుంచి కారులో ముప్పావుగంట వెళితే మాన్మత్ కౌంటీ వస్తుంది. మాచర్ల దగ్గర హైస్కూల్లో ముప్పై ఏళ్ళు సోషల్ పాఠాలు చెప్పి రిటైరైన మా నాన్నగారు, అమెరికా వచ్చి నెల తిరగకముందే, బ్రిటిష్ పాలన మీద సాగిన అమెరికా స్వాతంత్ర్య పోరాటంలో 1778 జూన్ 28న అక్కడ జరిగిన యుద్ధం గురించి అడగడం మొదలుపెట్టారు. అందుకే జూన్ చివరి వారాంతంలో ఆయన్నీ, మా ఆవిడనీ తీసుకొని బయలుదేరాను. మొదటి రోజు డబ్బు పెట్టి మోసపోయాం, రెండో రోజు దాదాపు ఉచితంగా ఎంతో తెలుసుకున్నాం. అటు వెళ్ళే తెలుగువాళ్ళు మా పొరపాటు చేయకూడదని ఇది రాస్తున్నాను.

ఫ్రీహోల్డ్‌లో దిగిన మోటెల్ గది అద్దె 139 డాలర్లు, పన్నులతో 159.33 అయింది. గది శుభ్రంగా ఉంది, చెప్పిన ధరే తీసుకున్నారు, అంతకు మించి చెప్పవలసింది లేదు.

చెప్పవలసిందంతా టూరు గురించే. విప్లవకాలపు స్థలాలు చూపిస్తామనే ఒక వ్యాను టూరుకు మనిషికి 58 డాలర్లు, బుకింగ్ రుసుము మరో 6.50, ముగ్గురికీ కలిపి 193.50 కట్టాను. యుద్ధభూమి, టెనెంట్ చర్చి, కోవెన్‌హోవెన్ ఇంటి లోపలి భాగం, కోల్ట్స్‌నెక్ అని నాలుగు చోట్లు రాసి ఇచ్చారు. చర్చిని కదులుతున్న వ్యాను కిటికీలోంచి చూపించారు. కోవెన్‌హోవెన్ ఇంటికి తాళం వేసి ఉంది. ఆ మ్యూజియం కొన్ని రోజులే తెరుస్తారన్న సంగతి ఫోను చేసినా తెలిసేది, కానీ ఆ పని కూడా చేయకుండా "బయటినుంచి చూసినా అంతే" అన్నారు. ఫ్రీహోల్డ్‌లో ఒక బహుమతుల దుకాణం దగ్గర మాత్రం నలభై నిమిషాలు ఆపారు. కోల్ట్స్‌నెక్‌కు సమయం లేదన్నారు.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది మరొకటి. యుద్ధభూమిలో గైడు, ఫిరంగి దళానికి నీళ్ళు మోసిన మేరీ హేస్ కథను, అంటే మాలీ పిచర్ కథను, గంటసేపు చెప్పాడు. అది చెప్పదగ్గ కథే. ఆ తర్వాత నాన్నగారు, "ఈ ప్రాంతం వాళ్ళందరూ వాషింగ్టన్ పక్షమేనా?" అని అడిగితే, అందరూ దేశభక్తులేనని ఒక్క ముక్కలో తేల్చేసి వ్యాను ఎక్కమన్నాడు. ముప్పై ఏళ్ళు పిల్లల ప్రశ్నలకు ఓపికగా జవాబు చెప్పిన మనిషి ఆ సాయంత్రం భోజనం దగ్గర కూడా మాట్లాడలేదు. మా ఆవిడ పులిహోర వడ్డిస్తూ, "ఎండకు అలసిపోయారా మామయ్యగారూ?" అంటే, "రెంటచింతల ఎండలు చూసినవాణ్ణమ్మా, ఇది ఎండ కాదు, ఆ అబ్బాయి చదువుకోకుండా చెబుతున్నాడు" అన్నారు.

ఎండ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. ఫిలడెల్ఫియా ఖాళీ చేసి, సముద్రంలోకి చొచ్చుకుపోయిన ఇసుక నేల శాండీ హుక్ వైపు సాగుతున్న బ్రిటిష్ సేనాని క్లింటన్ సైన్యాన్ని వాషింగ్టన్ సేన ఇక్కడ తాకిన రోజు ఎండ 100 డిగ్రీల ఫారన్‌హీట్‌కు చేరువలో ఉంది. వాషింగ్టన్ సేనలో ముందు వెళ్ళిన జనరల్ చార్లెస్ లీ వెనక్కి తగ్గడం, వాషింగ్టన్ అతన్ని దారిలోనే నిలదీసి సేనను మళ్ళీ నిలబెట్టడం, మధ్యాహ్నమంతా ఫిరంగులు మోగడం, రాత్రి చీకట్లో బ్రిటిష్‌వాళ్ళు చప్పుడు లేకుండా వెళ్ళిపోవడం జరిగాయి. ఒంటిమీద గాయం లేకుండా వడదెబ్బతోనే చనిపోయినవాళ్ళు రెండు వైపులా ఉన్నారు. ఇప్పుడది స్టేట్ పార్కు, ప్రవేశ రుసుము లేదు. కోంబ్స్ హిల్ మీది విజిటర్ సెంటర్ దగ్గర నిలబడితే, అమెరికా ఫిరంగులు ఏ దిక్కున కాల్చాయో చెప్పేవాళ్ళు లేకపోయినా అర్థమవుతుంది. దానికి టూరు అక్కరలేదు.

మర్నాడు ఆదివారం, ప్రార్థన ముగిశాక, మా అంతట మేమే టెనెంట్ చర్చికి వెళ్ళాం. 1751లో స్కాటిష్ ప్రెస్బిటీరియన్లు కట్టిన తెల్లని చెక్క భవనం అది. యుద్ధం రోజు క్షతగాత్రులను అందులోనే చేర్చారు, ఒక బల్ల మీద ఇప్పటికీ ఉన్న మరక ఆనాటి నెత్తురేనని అంటారు. గోడ పక్కనే బ్రిటిష్ లెఫ్టినెంట్ కర్నల్ మాంక్టన్ సమాధి ఉంది. అక్కడ కలిసిన ఒక పెద్దాయన, పైసా అడగకుండా, మాతో గంటన్నర గడిపారు. నాన్నగారు నిన్నటి ప్రశ్నే మళ్ళీ అడిగారు. ఆయన నవ్వలేదు, తొందరపడలేదు, సమాధుల మధ్య బెంచీ మీద కూర్చోబెట్టి మొదటినుంచీ చెప్పారు.

1665లో ఇంగ్లీషు గవర్నర్ నికల్స్ పన్నెండు మందికి ఇచ్చిన భూమి పట్టాతో, మతస్వేచ్ఛ హామీతో, క్వేకర్లూ బాప్టిస్టులూ అనే క్రైస్తవ శాఖలవాళ్ళు మిడిల్‌టౌన్, ష్రూస్‌బరీలలో స్థిరపడ్డారు. 1683లో ఈస్ట్ జెర్సీలో, అంటే నేటి న్యూజెర్సీ తూర్పు భాగంలో, ఏర్పడిన మొదటి నాలుగు కౌంటీలలో మాన్మత్ ఒకటి. స్వేచ్ఛ కోరి వచ్చినవాళ్ళ నేల మీదే బానిసత్వమూ పాతుకుంది. యుద్ధం వచ్చేసరికి ఈ కౌంటీ రెండుగా చీలింది. పక్కింటివాడి పశువులను పక్కింటివాడు తోలుకుపోయాడు, ఒకే చర్చికి వెళ్ళినవాళ్ళు ఒకరి ఇల్లు ఒకరు తగలబెట్టారు.

ఆ తర్వాత ఆయన సంచిలోంచి ఒక జిరాక్స్ కాగితం తీసి నాన్నగారి చేతిలో పెట్టారు. 1775 నవంబరులో జాన్ కార్లీస్ అనే ష్రూస్‌బరీ క్వేకరు వేయించిన పత్రికా ప్రకటన అది. టైటస్ అనే బానిస పారిపోయాడు, వయసు సుమారు 21, ఎత్తు దాదాపు ఆరడుగులు, ఇంట్లో నేసిన బూడిదరంగు కోటు, నీలం తెలుపు మేజోళ్ళు, ఒక చివర తాడుతో బిగించిన బట్టల సంచి, పట్టిచ్చినవారికి మూడు పౌండ్లు. తోటి క్వేకర్లు నచ్చజెప్పినా బానిసలను విడిచిపెట్టని యజమాని అతను. నాన్నగారు ఆ తాడు బిగించిన సంచి దగ్గర ఆగి, ఆ వాక్యం రెండుసార్లు చదివించుకున్నారు. ఆ టైటస్సే బ్రిటిష్ పక్షాన చేరి కర్నల్ టై అయ్యాడు. అది అధికారిక హోదా కాదు, గౌరవంగా పిలిచిన పేరు. తాను బానిసగా బతికిన కౌంటీ దారులన్నీ తెలిసినవాడు కాబట్టి, 1779, 1780లలో శాండీ హుక్ స్థావరం నుంచి రాత్రివేళ దాడులు చేసి, బానిసలను విడిపించి, వాషింగ్టన్ పక్షపు స్థానిక దళాల (మిలీషియా) నాయకులను పట్టుకుపోయాడు. 1780 సెప్టెంబరులో కోల్ట్స్‌నెక్‌లో మిలీషియా కెప్టెన్ జాషువా హడీ ఇంటిని చుట్టుముట్టినప్పుడు మణికట్టుకు తగిలిన తూటా గాయం ధనుర్వాతంగా మారి చనిపోయాడు. హడీ అప్పుడు తప్పించుకున్నా, 1782లో బ్రిటిష్ పక్షంవాళ్ళు అతన్ని హైలాండ్స్ దగ్గర ఉరితీశారు. నిన్న సమయం లేదని వదిలేసిన కోల్ట్స్‌నెక్ ఇదన్నమాట.

చర్చి విరాళాల పెట్టెలో 30 డాలర్లు వేసి శాండీ హుక్‌కు వెళ్ళాం. వేసవిలో బీచి పార్కింగ్‌కు కారుకు 20 డాలర్లు తీసుకుంటారు. ఎండాకాలపు వారాంతంలో మధ్యాహ్నం తర్వాత వెళితే చోటు దొరకదు, కాబట్టి పొద్దున్నే వెళ్ళడం మంచిది. మాకు గంటకు పైగా పట్టింది, మా ఆవిడ విసుగు న్యాయమైనదే. 1764లో వెలిగించిన అక్కడి దీపస్తంభం అమెరికాలో ఇప్పటికీ పనిచేస్తున్నవాటిలో అతి పాతది, ఎత్తు 103 అడుగులు. కట్టినప్పుడు ఒడ్డుకు 500 అడుగుల దూరంలో ఉన్నది, ఇసుక మేట వేసుకుంటూ పోవడంతో ఇప్పుడు కొస నుంచి మైలున్నర లోపలికి వచ్చింది. మెట్లెక్కలేని నాన్నగారు కింద నీడలో కూర్చొని, ఆ కాగితం మడత విప్పి, టై మనుషులు పడవలు కట్టిన ఒడ్డు ఎటు ఉండేదో చూపించమన్నారు.

టూరు వాళ్ళకు రెండు ఉత్తరాలు రాశాను, డబ్బు వాపసు ఇచ్చేది లేదన్నారు. కోవెన్‌హోవెన్ ఇల్లు మాత్రం మిగిలిపోయింది. యుద్ధానికి ముందు క్లింటన్ దిగిన ఇల్లది. అడవిలో దాచుకున్న సామాను భద్రంగా చూస్తామన్న అధికారుల మాట నమ్మి తెప్పించుకొని, దాన్నంతా పోగొట్టుకున్న 74 ఏళ్ళ ఎలిజబెత్ ఇల్లది. తెరిచే రోజు కనుక్కొని, నాన్నగారి తిరుగు ప్రయాణానికి ముందే మా కారులో మేమే వెళ్ళి చూస్తాం.