హాస్టల్ ఇంటర్నెట్‌తో నాలుగేళ్లు: మంచానికొక పోర్టు ఎందుకు ఉండాలి

నాలుగేళ్లు ఒకే హాస్టల్‌లో ఉన్నాను. మొదటి రెండేళ్లు పాత బ్లాకులో, తర్వాతి రెండేళ్లు కొత్తగా వైరింగ్ చేసిన బ్లాకులో. రెండు బ్లాకులకూ బయటి నుంచి వచ్చే ఇంటర్నెట్ లైను ఒకటే, దాని వేగమూ ఒకటే. అయినా పాత బ్లాకులో రాత్రిపూట ఒక పాఠం వీడియో పూర్తిగా చూడటం గగనమైపోయేది. కొత్త బ్లాకులో నెట్ గురించి ఆలోచించాల్సిన అవసరమే చాలా రోజులు రాలేదు. తేడా అంతా భవనం లోపల చేసిన ఏర్పాటులోనే ఉంది. హాస్టల్ కట్టేవాళ్లకో, ఉన్నదాన్ని బాగుచేయించే వాళ్లకో పనికొస్తుందని రాస్తున్నాను.

నా తీర్పు ముందే చెప్పేస్తాను: విద్యార్థులు ఉండే గదిలో మంచానికొక వైర్డు పోర్టు, అంటే నెట్ వైరు గుచ్చుకునే గోడ సాకెట్టు, ఉండి తీరాలి. "ఈ రోజుల్లో వైర్లు ఎవరు వాడతారు, అంతా వైఫైయే కదా" అని పోర్టులు ఎత్తేస్తే ముందు దెబ్బతినేది ఆ వైఫైయే.

పాత బ్లాకులో గదుల్లో పోర్టులు లేవు. వరండా సీలింగుకు ఆరు గదులకొకటి చొప్పున యాక్సెస్ పాయింట్లు (వైఫై సిగ్నల్ ఇచ్చే డబ్బాలు) బిగించారు. వరండాలో నిలబడితే ఫోన్‌లో గీతలన్నీ నిండుగా కనిపించేవి. గదిలోకి వచ్చి తలుపు వేసుకుంటే రెండే మిగిలేవి. నా మంచం కిటికీ పక్కన. దానికీ వరండాకీ మధ్య బాత్‌రూమ్ గోడలు, టైల్సు, నీళ్ల పైపులు. అవన్నీ దాటి వచ్చేసరికి వేగమైన 5 గిగాహెర్ట్జ్ వైఫై సిగ్నల్‌లో పస ఉండేది కాదు, ఫోన్ నెమ్మదైన 2.4 గిగాహెర్ట్జ్‌కు దిగిపోయేది. 2.4లో 20 మెగాహెర్ట్జ్ వెడల్పుతో వాడితే ఒకదాని మీద ఒకటి పడని ఛానెళ్లు, అంటే సిగ్నల్ నడిచే దారులు, మూడే: 1, 6, 11. మా అంతస్తులోని ఐదు యాక్సెస్ పాయింట్లు, పైన కింద అంతస్తులవి, కుర్రాళ్ల హాట్‌స్పాట్లు అన్నీ ఆ మూడింట్లోనే సర్దుకోవాలి.

ఆ యాక్సెస్ పాయింట్లు మంచివే. వాటిని పెట్టిన చోటే తప్పు. వరండా అంటే అడ్డూ అదుపూ లేని పొడవాటి ఖాళీ. ఈ చివర ఉన్న డబ్బాకు ఆ చివర డబ్బా మాట స్పష్టంగా వినిపిస్తుంది. ఒకే ఛానెల్‌లో ఉన్నప్పుడు ఒకటి మాట్లాడుతుంటే రెండోది ఆగాలి, వైఫై పద్ధతే అంత. అలా గదిలో ఉన్న మాకు సరిగా వినిపించని డబ్బాలు ఒకదానికొకటి మాత్రం బాగా వినిపించి, ఒకదాన్నొకటి ఆపుకుంటూ ఉండేవి.

రాత్రి పది దాటాక పరిస్థితి మరీ ఘోరం. వైఫై గాలి అందరికీ ఒకటే కుళాయి. క్యూలో ఉన్నవాళ్లు వంతులవారీగా బిందెలు పట్టుకోవాలి. దగ్గరున్న ల్యాప్‌టాప్ బిందె చిటికెలో నిండుతుంది. గోడల వెనక ఉన్న ఫోన్‌కు సన్నటి ధారే వస్తుంది, అంతే నీటికి అది చాలాసేపు కుళాయి పట్టుకుని కూర్చుంటుంది. వెనకాల ఎంత వేగమైన ల్యాప్‌టాప్ ఉన్నా ఆగాల్సిందే. అందుకే ఒక్కరి బలహీనమైన సిగ్నల్ అంతస్తు మొత్తానికి బరువవుతుంది. ఇది అర్థమయ్యాక నెట్ స్లో అయినప్పుడల్లా "లైను పెంచండి" అని అడగడం మానేశాను.

మేం ఫిర్యాదు చేస్తే ఒకసారి యాక్సెస్ పాయింట్ల పవర్ పెంచారు. గీతలు పెరిగాయి, నెట్ మాత్రం మారలేదు. ఎందుకంటే మాట రెండువైపులా చేరాలి. డబ్బా గట్టిగా అరిస్తే ఫోన్‌కు వినిపిస్తుంది, చిన్న బ్యాటరీతో నడిచే ఫోన్ గొంతు డబ్బా దాకా వెళ్లదు. పైగా పవర్ పెంచడంతో పొరుగు డబ్బాల గోల ఇంకా ఎక్కువైంది.

సాయంత్రాల్లో మరో బాధ ఉండేది. కనెక్ట్ అవుతున్నట్టే ఉండి చివర్లో "ఐపీ అడ్రస్ తెచ్చుకుంటోంది" దగ్గర ఆగిపోయేది. నెట్‌లో ప్రతి పరికరానికీ ఇలాంటి అడ్రస్ నంబరు ఒకటి కావాలి, మా అంతస్తుకు కేటాయించినవి 254. తలా ఒక ఫోన్, ఒక ల్యాప్‌టాప్ అని లెక్కేసినట్టున్నారు. ట్యాబ్‌లు, వాచీలు, చూడటానికొచ్చిన స్నేహితుల ఫోన్లు ఆ లెక్కలో లేవు. ఒకసారి ఇచ్చిన అడ్రస్‌ను రోజంతా అట్టే పెట్టే సెట్టింగు ఉండటంతో వచ్చి వెళ్లిపోయిన ఫోన్ కూడా ఒక చోటు ఆక్రమించుకునే ఉండేది. ఆ గడువును కొన్ని గంటలకు తగ్గించాక బాధ తీరింది. చిన్న మార్పే, కానీ ఏడాదిన్నర పట్టింది.

మూడో ఏడు కొత్త బ్లాకుకు మారాను. ఇక్కడ వరండాలో ఒక్క డబ్బా కూడా లేదు. గది విడిచి గదిలో గోడకు స్విచ్‌బోర్డంత యాక్సెస్ పాయింట్లు పెట్టారు, తక్కువ పవర్‌తో. వాటికి తోడు ప్రతి మంచం పక్కనా ఒక పోర్టు. పాత బ్లాకులో మాకు అడ్డుగా ఉన్న గోడే ఇక్కడ అండ అయింది. ఒక గది మాట ఐదో గదికి వెళ్లకుండా ఆపుతోంది కాబట్టి అదే ఛానెల్‌ను కొంచెం దూరంలో మళ్లీ హాయిగా వాడుకోవచ్చు.

చేరిన రోజే వైరు పెట్టి చూశాను. వైఫైలో పింగ్, అంటే పంపిన మాటకు జవాబు తిరిగొచ్చే సమయం, ఒకసారి 15 మిల్లీసెకన్లు, మరోసారి 200. వైరులో పొద్దున చూసినా అర్ధరాత్రి చూసినా 3, 4. సంఖ్య కన్నా ఆ నిలకడే నాకు ముఖ్యం. ఆన్‌లైన్ పరీక్ష రాసేటప్పుడు కెమెరా ఆన్‌లో ఉండాలి, మధ్యలో తెగితే మళ్లీ లాగిన్. ఆ టెన్షన్ వైరు పెట్టుకున్న రోజు నుంచి లేదు. నాకు ఇంకా నచ్చింది, మా గదిలో ముగ్గురం ల్యాప్‌టాప్‌లకు వైరు పెట్టుకున్నాక మా ఫోన్లలో వైఫై కూడా మెరుగుపడటం. పెద్ద పెద్ద డౌన్‌లోడ్‌లు గాలిలోంచి వైరులోకి వెళ్లిపోయాయి, కుళాయి దగ్గర క్యూ తగ్గింది. వైరు వాడనివాళ్లకు కూడా వైరు వల్ల మేలు జరిగిందన్నమాట.

అయితే పోర్టు ఉంటే సరిపోదు, పోర్టు పనిచేయాలి. నాకు మొదట 100 ఎంబీపీఎస్ దాటేది కాదు. పక్క మంచానికి 1000 చూపించేది. టెక్నీషియన్ అన్న వచ్చి రెండు స్క్రూలు తీసి ప్లేటును బయటికి లాగాడు. లోపల ఎనిమిది సన్నటి తీగలు, రంగురంగుల జతలు. నారింజ, ఆకుపచ్చ, నీలం వాటి గాట్లలో బిగుతుగా కూర్చున్నాయి. గోధుమరంగు జతలో ఒక తీగ గాటు పైనే ఆగిపోయింది, గోరుతో తాకితే కదులుతోంది. "చూడు తమ్ముడూ, వందకు రెండు జతలు చాలు. వెయ్యి రావాలంటే నాలుగూ కావాలి. ఇదొక్కటి తగలక వందకు పడిపోయింది" అన్నాడు. పంచ్ టూల్ పెట్టి ఒక్కసారి నొక్కాడు, టక్కుమని చప్పుడు. వైరు మళ్లీ పెట్టగానే 1 జీబీపీఎస్ చూపించింది. ఆ అంతస్తులో ఇలాంటివి ఇంకా నాలుగు దొరికాయి. పని అప్పగించేటప్పుడు లైటు వెలిగిందా లేదా అని మాత్రమే చూశారట. టెస్టర్ పెట్టి ప్రతి పోర్టునూ నాలుగు జతలతో పరీక్షించి, ఆ కాగితం చేతికొచ్చాకే పని అయినట్టు లెక్క.

రెండో లోపం అల్మారాలది. వైరింగ్ చేసినవాళ్లు ఒక డ్రాయింగ్ చూశారు, ఫర్నిచర్ పెట్టినవాళ్లు మరొకటి చూశారు. నా స్నేహితుడి గదిలో యాక్సెస్ పాయింట్ మీదకే ఇనుప అల్మారా వచ్చింది. ఇనుము వెనక వైఫై ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. పోర్టులు కూడా కొన్ని గదుల్లో అల్మారా వెనక ఇరుక్కున్నాయి, వాటిని ఎవరూ ఎప్పుడూ వాడలేదు. మంచం, బల్ల, అల్మారా ఎక్కడొస్తాయో గీసిన కాగితం మీదే పోర్టులనూ గీయాలి.

పోర్టులు ఇస్తే వాటితో వచ్చే గొడవలకూ సిద్ధంగా ఉండాలి. మేం చేరిన నెలలోనే ఒక ఆదివారం అంతస్తు మొత్తం నెట్ పోయింది. అందరి ఫోన్లలో "కనెక్టెడ్, నో ఇంటర్నెట్". నా ల్యాప్‌టాప్‌లో అడ్రస్ చూస్తే రోజూ 10తో మొదలయ్యేది ఆ రోజు 192.168తో మొదలైంది. ఎవరో ఇంటి నుంచి రౌటర్ తెచ్చుకుని, ఇంట్లోని పరికరాల కోసం ఉండే దాని లాన్ పోర్టును గోడకు కలిపేశారు. ఆ రౌటర్ అంతస్తులో అడిగినవాళ్లందరికీ తన అడ్రసులు పంచడం మొదలుపెట్టింది. ఆ కుర్రాడి తప్పేం లేదు, పోర్టు కనిపించింది, పెట్టాడు. పోర్టుల వైర్లన్నీ వెళ్లి కలిసే స్విచ్ అనే పెట్టెలో డీహెచ్‌సీపీ స్నూపింగ్ అనే రక్షణ ముందే ఆన్ చేసి ఉంటే ఆ తప్పుడు అడ్రసులు గోడ దాటేవే కావు. ఆ తర్వాత ఆన్ చేశారు. ఒకే వైరు రెండు కొసలనూ గోడలోనే పెట్టేస్తే స్విచ్ తనంతట తానే ఆ పోర్టు మూసేసేలా ఇంకో రక్షణ కూడా పెట్టారు. ఈ రెండూ మొదటి విద్యార్థి అడుగుపెట్టకముందే ఉండాల్సినవి.

కేబుల్ దూరం విషయం చాలామంది పట్టించుకోరు. రాగి కేబుల్ మొత్తం 100 మీటర్లు దాటకూడదు. గోడలో 90, రెండు కొసల ప్యాచ్ వైర్లకు కలిపి 10. పొడవాటి బ్లాకుకు ఒకటే స్విచ్ గది పెడితే చివరి గదులు ఆ లెక్క దాటిపోతాయి. మాకు రెండు వైపులా రెండు గదులు పెట్టి మధ్యలో ఇంకా దూరం వెళ్లగల ఫైబర్ కేబుల్ వేశారు, మంచి పని. యాక్సెస్ పాయింట్లకు కరెంటు కూడా ఆ కేబుల్‌లోనే వెళ్తుంది కాబట్టి స్విచ్ గదిలో యూపీఎస్ ఉంటే కరెంటు పోయినా వైఫై నిలుస్తుంది. గదులకు క్యాట్ 6ఏ అనే రకం రాగి కేబుల్ వేశారు. క్యాట్ 6 మీద 10 జీబీపీఎస్ 55 మీటర్ల వరకే, 6ఏ అయితే 100 దాకా. యాక్సెస్ పాయింట్‌ను ఎప్పుడైనా మార్చుకోవచ్చు, గోడలో కేబుల్ మార్చాలంటే గోడ పగలగొట్టాలి. అందుకే డబ్బు తక్కువైతే డబ్బాల్లో తగ్గించమంటాను, కేబుల్‌లో, పైపుల్లో వద్దు.

లాగిన్ పద్ధతి ఇప్పటికీ చిరాకే. ఫోన్, ల్యాప్‌టాప్‌లకు కాలేజీ ఐడీతో ఒకసారి కలిపితే చాలు, బాగుంది. గేమ్ కన్సోళ్లు, ప్రింటర్లు ఆ పద్ధతికి కుదరవు, వాటి మ్యాక్ అడ్రస్‌ను (ప్రతి పరికరానికీ తయారీలోనే ఇచ్చే గుర్తింపు సంఖ్యను) ఫారంలో రాసివ్వాలి. పాత ఫోన్లకూ ఇదే ఫారం. నా పాత ఫోన్‌కు బాక్సు మీద ఉన్న అడ్రస్ రాసిచ్చాను, మూడు రోజులు కలవలేదు. ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు వైఫైకి తమ అసలు అడ్రస్ కాకుండా వేరేది చూపిస్తున్నాయి, ఇది గోప్యత కోసం. ఆ సంగతి ఫారం మీద ఒక్క వాక్యంలో రాసి ఉంటే ఎంతమందికి ఆఫీసు చుట్టూ తిరగడం తప్పేదో.

సన్నటి ల్యాప్‌టాప్‌లకు నెట్ పోర్టే ఉండటం లేదు, యూఎస్‌బీ-సీ అడాప్టర్ కావాలి. మా ఆఫీసులో అడాప్టర్, మూడు మీటర్ల వైరు కలిపి లైబ్రరీ పుస్తకంలా ఏడాదికి ఇచ్చేవారు. పోర్టులు ఖాళీగా పడి ఉండకపోవడానికి సగం కారణం అదే.

ఇంకా బాగుపడనిది మెట్ల పక్కన చదువుకునే హాలు. పరీక్షల ముందు అక్కడ నలభై మంది కూర్చుంటారు, ఉన్నది ఒకే యాక్సెస్ పాయింట్, గోడకు రెండే పోర్టులు. గదులకు వేసిన లెక్క హాలుకు ఎవరూ వేయలేదు. నేను ఖాళీ చేసే వారంలో సీలింగు నుంచి బల్లల మీదకు వైర్లు దించడానికి కొలతలు తీస్తూ కనిపించాడు టెక్నీషియన్ అన్న. బల్లకు ఎన్ని పోర్టులు అని అడిగితే రెండు అన్నాడు. నాలుగు వేయమని బతిమాలి వచ్చాను.