జెనీవాలో సెర్న్: ఎక్కడ దిగాలి, ఏది చూడాలి, దేనికి భయపడాలి

హైదరాబాదు నుంచి జెనీవా వెళ్ళి సెర్న్ కణభౌతిక పరిశోధనశాల చూడాలనుకునేవారు రెండు సంగతులు ముందే తెలుసుకోవడం మంచిది. 27 కిలోమీటర్ల చుట్టుకొలతతో భూమికి సుమారు 100 మీటర్ల లోతున ఉన్న, ప్రోటాన్లను ఒకదానితో ఒకటి ఢీకొట్టించే లార్జ్ హాడ్రాన్ కొలైడర్ యంత్రపు సొరంగంలోకి, యంత్రం నడుస్తున్న కాలంలో, సందర్శకులనే కాదు, అక్కడి ఇంజనీర్లను కూడా పోనివ్వరు. రెండోది, పైన చూపించేదంతా ఉచితం. మేము మొదట సంప్రదించిన ఒక ట్రావెల్ ఏజెన్సీ ఇచ్చిన అంచనాలో మాత్రం ‘భూగర్భ దర్శనం’ పేరిట తలకింత అని ఒక మొత్తం కనిపించింది. అదేమిటని అడిగితే ప్రవేశ రుసుమన్నారు. సెర్న్ నిబంధనలు ప్రింటు తీసి ముందు పెట్టాక ఆ పద్దు పోయింది గానీ, దాని స్థానంలో ‘సేవా రుసుము’ వచ్చి కూర్చుంది. అక్కడితో వారికి నమస్కారం పెట్టి టికెట్లు, బస మేమే చూసుకున్నాము. వీసా దరఖాస్తు హైదరాబాదులోనే ఇవ్వవచ్చు. శంషాబాదు నుంచి జెనీవాకు నేరుగా విమానం లేదు కనుక దారిలో ఒకచోట మారక తప్పదు.

బస విషయంలో జెనీవా నగరంలో ఉండడమా, సరిహద్దు దాటి ఫ్రాన్సులోని సాంజెనీ పూయీలో ఉండడమా అన్నది తేల్చుకోవాలి. కొర్నవాన్ రైల్వే స్టేషన్ దగ్గర హోటలు తీసుకుంటే 18వ నంబరు ట్రాము ఎక్కి చివరి స్టాపులో దిగడమే, అదే సెర్న్. హోటలులో దిగినవారికి నగర రవాణా కార్డు ఉచితంగా ఇస్తారు కాబట్టి టికెట్ల గొడవ ఉండదు. అయితే గది అద్దె, భోజనం ఖర్చు గుండె దడ పుట్టిస్తాయి. సాంజెనీలో వంటగది ఉన్న గదులు చవకగా దొరుకుతాయి. కుక్కరు పెట్టుకుని, తెచ్చుకున్న కందిపొడితో కడుపు నింపుకోవచ్చు. శాకాహారులకు ఇది చిన్న విషయం కాదు. షెంగెన్ వీసా రెండు దేశాలకూ చెల్లుతుంది గానీ పాస్‌పోర్టు ఎప్పుడూ దగ్గర ఉండాలి. జెనీవాలో ఆదివారం దుకాణాలు దాదాపు అన్నీ మూసివేస్తారు కనుక పాలూ కూరగాయలూ శనివారమే కొనుక్కోవాలి. పెద్దలను వెంటబెట్టుకుని వెళ్ళేవారికి జెనీవా, మిగతావారికి సాంజెనీ అనుకూలమని నా అభిప్రాయం.

2023లో తెరిచిన సైన్స్ గేట్‌వే భవనం చూడముచ్చటగా ఉంటుంది. రోడ్డు మీదుగా వేసిన వంతెన దాని మండపాలను కలుపుతుంది. రూపకర్త రెంజో పియానో. సోమవారం సెలవు. పిల్లలు అక్కడినుంచి కదలరు. నాకు మాత్రం ఆ మెరుపుల మధ్య, 2008లో మన ఊళ్ళలో కూడా నిద్ర లేకుండా చేసిన ప్రశ్నకు, ఈ యంత్రంలో పుట్టే బుల్లి కృష్ణబిలం భూమిని మింగేస్తుందా అన్న భద్రత ప్రశ్నకు, దక్కవలసిన చోటు దక్కలేదనిపించింది.

2008 సెప్టెంబరు 10న ఈ యంత్రంలో మొదటిసారి ప్రోటాన్ల పుంజాన్ని పూర్తి చుట్టు తిప్పారు. ఆ వారమంతా మన టీవీ చానళ్ళు, భూగోళం నల్లని గోతిలోకి జారిపోతున్న బొమ్మను తిప్పి తిప్పి చూపించాయి. ఏ.ఎస్.రావు నగర్‌లో మా వీధి పెద్దావిడ ఒకరు, ఆ ఉదయం మనవలను బడికి పంపవద్దని కోడలితో పట్టుబట్టి, “పోతే అందరం ఒక్కచోటే పోదామమ్మా” అన్నారు. హవాయిలో ఇద్దరు వేసిన దావానూ, యూరోపు మానవ హక్కుల న్యాయస్థానం దాకా వెళ్ళిన అభ్యర్థననూ ఆ ఏడాదే కొట్టివేశారు. ఆ భయానికి శాస్త్రవేత్తలు ఇచ్చిన జవాబు నిజానికి గట్టిది. అంతరిక్షం నుంచి వచ్చే విశ్వకిరణాలు, ఈ యంత్రం లక్ష్యంగా పెట్టుకున్న 14 లక్షల కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులకు దీటైన, అంతకు మించిన తాకిడులను భూమి పుట్టినప్పటి నుంచి వాతావరణంలో జరుపుతూనే ఉన్నాయి. యంత్రం జీవితకాలమంతా జరిపే ప్రయోగాలకు లక్ష రెట్లకు తగ్గకుండా ప్రకృతి ఈపాటికే జరిపిందని 2008లో భద్రతా సమీక్ష బృందం లెక్క చెప్పింది. విశ్వకిరణాల వల్ల పుట్టిన కృష్ణబిలం వేగంగా భూమిని దాటిపోతుంది, యంత్రంలో పుట్టినది ఇక్కడే నిలిచిపోవచ్చు కదా అన్న ఎదురుప్రశ్న కూడా వచ్చింది. దానికి గిడింగ్స్, మంగానో అనే ఇద్దరు శాస్త్రవేత్తలు సమాధానం వెతికారు. అతి సాంద్రమైన శ్వేతకుబ్జ నక్షత్రాలు, న్యూట్రాన్ నక్షత్రాలు అటువంటివాటిని తమలోనే ఆపివేస్తాయి, ప్రమాదమే ఉంటే అవి కోట్ల ఏళ్ళుగా ఆకాశంలో మిగిలి ఉండేవి కావని వారు చూపించారు.

ఈ విశ్వకిరణాలను కొలిచే పరికరాలను బెలూన్లకు కట్టి పైకి పంపిన టాటా ఇన్‌స్టిట్యూట్ వారి కేంద్రం 1969 నుంచి మన హైదరాబాదులో, ఈసీఐఎల్ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఉన్న ప్రాంతంలోనే ఉంది. ఆ దారిన రోజూ బస్సెక్కే మాకు, టీవీలో ప్రళయం చూస్తున్నప్పుడు ఆ సంగతి గుర్తు చేసినవారు లేరు.

అసలు చూడవలసిన చోటు ఎస్‌ఎం 18 అనే పరీక్షల హాలు. విడిగా వెళ్ళినవారు ఆ రోజే సైన్స్ గేట్‌వే కౌంటరులో పేరు నమోదు చేసుకోవాలి, చోట్లు త్వరగా నిండిపోతాయి. మేము బృందంగా ముందే దరఖాస్తు చేసుకున్నాము. ఏ చోటు చూపించాలన్నది వారి ఏర్పాట్లను బట్టి ఉంటుంది కాబట్టి, ఈ హాలు కావాలని దరఖాస్తులోనే రాయడం మేలు. ఒక్కొక్కటి 15 మీటర్ల పొడవు, 35 టన్నుల బరువు గల 1232 నీలిరంగు అయస్కాంతాలను సొరంగంలోకి దించేముందు ఇక్కడే మైనస్ 271 డిగ్రీల దాకా చల్లబరచి పరీక్షించారు. ఆ పనిలో భారత అణుశక్తి విభాగం ఇంజనీర్లు ఏళ్ళ తరబడి వంతులవారీగా పాల్గొన్నారు. అయస్కాంతాలను సొరంగంలో సరిగ్గా నిలిపే సుమారు 7 వేల జాకీలు కూడా మన దేశం నుంచి వెళ్ళినవే.

అడ్డంగా కోసి పెట్టిన ఒక అయస్కాంతం దగ్గర, ఈసీఐఎల్‌లో పరీక్షల విభాగంలో పనిచేసి రిటైరైన మా బావగారు చాలాసేపు ఆగిపోయారు. రెండు అయస్కాంతాల మధ్య విద్యుత్తును మోసే రాగి కడ్డీ, దాని లోపల, చల్లబరిస్తే నిరోధం లేకుండా విద్యుత్తును మోసే అతివాహక తీగ, వాటిని కలిపి సోల్డరింగ్ చేసిన అతుకు, అన్నీ కలిపినా మూరెడు లేవు. మొదటి పుంజం తిరిగిన తొమ్మిది రోజులకు, 2008 సెప్టెంబరు 19న, అటువంటి ఒక అతుకే కొంప ముంచింది. దాని నిరోధం ఒక నానో ఓమ్‌కు (ఓమ్‌లో వంద కోట్లవ వంతుకు) లోపే ఉండవలసింది సుమారు 200 నానో ఓమ్‌లు ఉందని తరువాత తేలింది. కరెంటును పెంచుతూ పోతుండగా 8700 ఆంపియర్ల దగ్గర అతుకు వేడెక్కి తెగి, విద్యుత్ మెరుపు లేచి, అయస్కాంతాలను చల్లబరిచే హీలియం గొట్టానికి చిల్లు పడింది. దాదాపు 6 టన్నుల హీలియం పోయింది. ఆ పీడనానికి అయస్కాంతాలు కాంక్రీటు నుంచి పెకలించుకుని కదిలిపోయాయి. 53 అయస్కాంతాలను పైకి తెచ్చారు, యంత్రం మళ్ళీ తిరగడానికి 2009 నవంబరు 20 దాకా పట్టింది. పరీక్ష వేళ సొరంగంలో ఎవరినీ ఉంచరు గనుక ఒక్క ప్రాణానికీ హాని జరగలేదు.

గైడు చెప్పిన మరో మాట మా బావగారిని ఇంకా బాధపెట్టింది. యంత్రపు వలయంలోని ఎనిమిది భాగాల్లో ఏడింటిని ప్రారంభానికి ముందే ఎక్కువ కరెంటుతో పరీక్షించారు, సమయం చాలక ఎనిమిదో దాన్ని తక్కువ స్థాయి దగ్గరే ఆపారు. తెగిన అతుకు ఆ ఎనిమిదో భాగంలోనిదే. “బావగారూ, అదొక్కటే ఎందుకు వదిలినట్టు?” అని అడిగాను. “తారీఖు చెప్పేశాక టెస్టింగ్ వాడి మాట ఎవడు వింటాడయ్యా! టీవీ వాళ్ళు ఆకాశం వంక చూపించారు, తప్పేమో సోల్డరింగ్‌లో ఉంది” అన్నారు. నాకూ అదే సబబనిపించింది.

తరువాత చేసిన మరమ్మతుల కథ గైడు ఓపికగా చెప్పారు. హీలియం బయటికి పోయే కవాటాలను పెంచారు, అతుకుల నిరోధాన్ని నిరంతరం కనిపెట్టే ఏర్పాటు చేశారు, యంత్రాన్ని కొన్నేళ్ళు సగం శక్తితోనే నడిపారు, 2013లో ఆపి పదివేలకు పైగా అతుకులను బలపరిచారు. అంతకుముందు 2007లో, చల్లబరచి మళ్ళీ వేడెక్కించిన భాగంలో పుంజం వెళ్ళే గొట్టం లోపలి సన్నని లోహపు రేకులు వంగిపోయాయేమో చూడడానికి, పింగ్‌పాంగ్ బంతి అంత గోళంలో చిన్న ట్రాన్స్‌మిటర్ పెట్టి గాలితో గొట్టంలోకి పంపేవారట. అది ఎక్కడ ఆగితే అక్కడ లోపమన్నమాట. సొరంగం లోపలికి వెళ్ళే ప్రతి మనిషీ తన పేరున ఒక తాళంచెవి తీసుకోవాలి. అన్ని తాళంచెవులూ బోర్డుకు తిరిగి చేరేదాకా పుంజాన్ని వదలడం సాధ్యం కాకుండా మీట కట్టారు. ఇంత కట్టుదిట్టం మధ్య, 2009లో ఒక పక్షి జారవిడిచిన రొట్టెముక్క పైనున్న విద్యుత్ పరికరం మీద పడి శీతల వ్యవస్థను కాసేపు ఆపిందని విని అందరం నవ్వాము.

2004లో మన ప్రభుత్వం బహూకరించిన నటరాజ విగ్రహం ప్రాంగణం లోపల ఉంది. గైడు వెంట వెళ్తేనే, అదీ దారి కలిస్తేనే కనిపిస్తుంది. అందరూ అక్కడ ఫొటోల కోసం ఎగబడతారు, నేనైతే దానికోసం సమయం అట్టిపెట్టుకోమని చెప్పను.

విదేశం వెళ్ళలేనివారు పిల్లలను నౌబత్ పహాడ్ మీది బిర్లా ప్లానెటేరియానికి తీసుకువెళ్ళవచ్చు. నక్షత్రాలను తెలుగులో వివరిస్తారు, అయితే యంత్రాల పరీక్షల గురించి అక్కడ వెతకవద్దు.

సొరంగం చూడాలన్న పట్టుదల ఉన్నవారు, యంత్రాన్ని ఏళ్ళ తరబడి ఆపి మరింత శక్తిమంతం చేసే విరామ కాలంలో వెళ్ళడం ఉత్తమం, కిందికి దింపే అవకాశమంటూ ఉంటే అది అప్పుడే. కొత్తగా అమర్చబోయే అయస్కాంతాల వరుసను, సొరంగంలో ఎలా ఉంటుందో అలాగే అతుకులతో సహా నేలమీద కలిపి చూసే ఏర్పాటు ఎస్‌ఎం 18లోనే ఉంది. అద్దం వెనుక నుంచి చూపిస్తే, సైన్స్ గేట్‌వేలో ఒక గంట తగ్గించుకుని అయినా అక్కడ నిలబడండి.